పచ్చ ఈగ రెక్క గురించి రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఇష్టంగా రాశావు, అది తెలుస్తూనే ఉంది. కానీ "రెక్క ఈనెల మీద వెంట్రుకలు ఉంటాయి" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏ ఈనె మీద? పైవైపా, కిందివైపా? ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? ఇవి చెప్పకపోతే ఆ వాక్యం ఎవరికీ పనికిరాదు, ఎందుకంటే ఏ ఈగ రెక్క తీసుకున్నా ముందు అంచు ఈనె మీదైనా ఏవో వెంట్రుకలు ఉండనే ఉంటాయి.

చేపల మార్కెట్‌కి వెళ్లి నాలుగు పచ్చ ఈగలు పట్టుకో. వాటిలో క్రైసోమియా ఉండొచ్చు, లూసీలియా ఉండొచ్చు. ఈ రెండు ప్రజాతులకీ 1830లో రోబినో-దెవ్వాదీ అనే ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త పేర్లు పెట్టాడు, కానీ ఒంటి రంగు ఒక్కటే చూస్తే ఇవాళ్టికీ పొరబడతాం. రెక్క ఒంటికి అతుక్కున్న చోట చూడు. రెక్కలోని ముఖ్యమైన ఈనెల్లో ఒకటైన రేడియస్ కొమ్మలుగా చీలకముందు ఒక పొట్టి మొదలు ఉంటుంది, దాని పైవైపు వెనక అంచు వెంట సన్నటి వెంట్రుకల వరుస కనిపిస్తే క్రైసోమియా, నున్నగా ఉంటే లూసీలియా. లైట్ పక్కనుంచి ఏటవాలుగా పడాలి, నిటారుగా వేస్తే ఆ వరుస మెరుపులో కలిసిపోతుంది.

ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకంటావేమో. శవం మీద దొరికిన ఈగ పిల్లపురుగుల వయసును బట్టి చావు ఎప్పుడు జరిగిందో లెక్కగడతారు. ఆ పురుగు పెరిగే వేగం జాతిని బట్టి మారుతుంది, కాబట్టి పేరు తప్పితే లెక్కా తప్పుతుంది.

"లేవు" అని రాసేటప్పుడు మాత్రం ఇంకా జాగ్రత్త. చాలా ఏళ్ల క్రితం ఒక పాత నమూనా చూసి ఈనె నున్నగా ఉందని రాసేశాను, తర్వాత పెద్ద లెన్స్ కింద పెడితే వరసగా చిన్న చిన్న గుంటలు! వెంట్రుకలు ఊడిపోయాయి, అవి నాటుకున్న గుంటలు మిగిలాయి. అసలైన వెంట్రుకకి అడుగున ఆ గుంట ఉంటుంది, రెక్క పొర మీది నూగుకి ఉండదు. ఈ తేడా నీ వ్యాసంలో ఎక్కడా లేదు, తప్పకుండా చేర్చు.

లెక్క రాసేటప్పుడు ఒక్క ఈగని నమ్మకు. ఒకే జాతిలో, ఒక్కోసారి ఒకే ఈగ కుడి ఎడమ రెక్కల్లో కూడా వెంట్రుకల సంఖ్య తేడా వస్తుంది. ఎన్ని ఈగలు చూశావో, తక్కువలో తక్కువ ఎన్ని, ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనిపించాయో రాయి. ఇంకో మాట, రెండు ఈగలకి ఒకే ఈనె మీద వెంట్రుకలు ఉన్నంత మాత్రాన అవి దగ్గర చుట్టాలని తేల్చేయకు. ఈ లక్షణం వేర్వేరు శాఖల్లో విడివిడిగా కూడా వస్తుంది. ఆనవాలు పట్టడానికి అది చాలొచ్చు గానీ చుట్టరికం చెప్పాలంటే మిగతా ఒళ్లంతా చూడాలి.

ఈసారి పంపేటప్పుడు ఫోటో వద్దు, రెండు రెక్కల మొదళ్లూ పెన్సిల్‌తో పెద్దగా గీసి పంపు. గీస్తే గానీ ఏ వెంట్రుక ఎటు వాలిందో కంటికి ఆనదు.

ఉంటాను,
అన్నయ్య