అమెరికా పల్లె ఎలా ఉంటుంది? కాన్సస్‌లో నేను చూసిన గ్రీన్స్‌బర్గ్

అమెరికాలో పల్లెటూళ్లు ఎలా ఉంటాయి, మనలాగే ఒకరికొకరు తెలిసి బతుకుతారా, అక్కడ ఉద్యోగం వస్తే వెళ్లొచ్చా అని అడిగారు. మూడేళ్లు ఉండి వచ్చినవాణ్ని కాబట్టి చెప్తున్నా.

మా ఆవిడ పిల్లల డాక్టరు. జె-1 అనే వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ తీసుకునే డాక్టరు శిక్షణ) చేసినవాళ్లు ఇండియాకి తిరిగి రాకుండా అక్కడే కొనసాగాలంటే, డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేయాలి. ఈ మినహాయింపును వేవర్ అంటారు. మన డాక్టర్లలో చాలామంది అమెరికా పల్లెను చూసేది ఈ దారినే. మాకు దొరికింది కాన్సస్ రాష్ట్రం దక్షిణాన ఒక చిన్న ఊరు. నాకు పనిచేసే వీసా లేదు. బాబును కారులో కూర్చోబెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాణ్ని. అలా మనసుకు పట్టిన ఊరు గ్రీన్స్‌బర్గ్. 54వ నంబరు హైవే మీద, విచిటా నగరానికి పడమరగా దాదాపు రెండు గంటల దూరం. 2020 లెక్కల్లో జనాభా 740. అయినా కయోవా కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అదే కేంద్రం. కౌంటీ మొత్తం కలిపినా 2,460 మందే.

మొదట నన్ను అక్కడికి లాగింది బావి. మాది అనంతపురం వైపు. మా తాత తవ్వించిన మోటబావి చుట్టూ పెరిగినవాణ్ని. గ్రీన్స్‌బర్గ్ బావి మనుషులు చేత్తో తవ్వింది. 1887లో మొదలుపెట్టి మరుసటేడు పూర్తిచేశారు. లోతు 109 అడుగులు, వెడల్పు 32 అడుగులు. రైలు ఇంజన్లకూ ఊరికీ నీళ్ల కోసం తవ్వారు. చుట్టూ రాతి కట్టుబడి. ఇప్పుడు దానిమీద మ్యూజియం ఉంది, గుండ్రంగా తిరుగుతూ లోపలికి మెట్లున్నాయి. జులై ఎండలో బాబును ఎత్తుకుని దిగుతుంటే సగం మెట్లకే చల్లటి తడి వాసన ముఖానికి తగిలింది. మా బావి వాసనే. చాలాసేపు అక్కడే నిలబడిపోయా.

2007 మే 4, శుక్రవారం రాత్రి 9:45 ప్రాంతంలో ఈ ఊరి మీదికి టోర్నడో, అంటే భయంకరమైన సుడిగాలి, వచ్చింది. దాని వెడల్పు 1.7 మైళ్లు. అంటే ఊరికంటే పెద్దది. గాలి గంటకు 205 మైళ్లు. నూటికి 95 ఇళ్లు పోయాయి, 11 మంది చనిపోయారు. అంత నాశనంలో ఆ సంఖ్య అక్కడే ఆగిందంటే, ముందుగానే సైరన్లు మోగడం, జనం బేస్‌మెంట్లలోకి, అంటే ఇంటి కింద నేలలో ఉండే గదుల్లోకి, దిగడం వల్లే.

ఇదంతా నాకు చెప్పిన రైతుతో పరిచయం జొన్న వల్ల అయింది. సెప్టెంబరులో రోడ్డు పక్కన చేను చూసి కారు ఆపేశా. జొన్నే! మన జొన్నలా నిలువెత్తు పెరగలేదు, నడుము ఎత్తులో ఎర్రటి కంకులు. కారు చెడిపోయిందేమో అనుకుని ఆయన పికప్ ఆపాడు. ఆ దారుల్లో కారు ఆగి ఉంటే పలకరించకుండా ఎవరూ పోరు. అక్కడ దాన్ని మైలో అంటారు. ఎక్కువగా పశువుల దాణాకు, ఇథనాల్‌కు పోతుంది. మేం రొట్టె చేసుకుంటామంటే ఆయన నమ్మలేదు. కోత అయ్యాక ఒక బకెట్ నిండా గింజలు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్లాడు. మిక్సీలో పిండి పట్టి, రొట్టెలు కాల్చి, చెనిక్కాయల ఊరిబిండి పూసి తీసుకెళ్లా. రంగు కొంచెం ఎర్రగా వచ్చింది, రుచి మాత్రం ఇంటి రుచే. పికప్‌లోనే కూర్చుని తిన్నాడు. యాభై ఏళ్లుగా పండిస్తున్నా, నోట్లో పెట్టుకోవడం అదే మొదటిసారట.

టోర్నడో వచ్చిన ఆ రాత్రి బేస్‌మెంట్ నుంచి పైకొచ్చాక తన వీధి ఏదో ఆయనకే తెలియలేదట. చెట్టు లేదు, ఇల్లు లేదు. ధాన్యం నిలవచేసే ఎలివేటర్ ఒక్కటి ఎత్తుగా నిలబడి ఉంది. దాన్ని బట్టి లెక్కేసుకుంటూ తన గడపకు చేరానన్నాడు.

తర్వాత ఊరివాళ్లు టెంటుల్లో సమావేశాలు పెట్టుకుని, కట్టేది ఏదో కొత్త పద్ధతిలో కడదామనుకున్నారు. 4,000 చదరపు అడుగులు దాటిన మునిసిపల్ భవనం ఏదైనా లీడ్ ప్లాటినం ప్రమాణంలోనే (కరెంటు, నీళ్లు ఆదా చేసే భవనాలకిచ్చే గుర్తింపులో అన్నిటికంటే పై స్థాయి) ఉండాలని ఆ డిసెంబరులోనే తీర్మానం చేశారు. ఆసుపత్రి, బడి కూడా అలాగే కట్టారు. వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీలు పెట్టారు. ఊరి బయట పది గాలిమరలు, మొత్తం 12.5 మెగావాట్లు, ఊరి అవసరానికి మించిన కరెంటు. బయటివాళ్లు దీన్ని పర్యావరణ ఆదర్శం అంటారు. నేను మాట్లాడిన రైతులు మాత్రం చలికాలం కరెంటు బిల్లు గురించే చెప్పారు. ఉన్నదాన్ని పారేయకుండా వాడుకోవడం వాళ్ల తాతల నాటి అలవాటు. నాకైతే ఆ మాటే నిజమనిపించింది.

కానీ ఊరు విడిచి వెళ్లినవాళ్లందరూ తిరిగి రాలేదు. 2000లో 1,574 మంది, 2010కి 777. కొన్ని వీధుల్లో ఇప్పటికీ కారు ఎక్కే సిమెంటు దారి రోడ్డు నుంచి లోపలికి పోయి గడ్డిలో ఆగిపోతుంది, ఆ పైన ఇల్లుండదు. అక్కడికి వచ్చినప్పుడల్లా కారు వేగం తగ్గించేవాణ్ని. ఇది టోర్నడో ఒక్కదాని పని కాదు. రెండు వేల ఎకరాలు ఒక్క కుటుంబమే యంత్రాలతో సాగుచేసే చోట ఎక్కువ మందికి పని ఎక్కడుంటుంది? పిల్లలు చదువుకుని విచిటాకు పోతారు. అచ్చం మన కథే.

ఇక మీరు వెళ్లొచ్చా అంటే, తప్పకుండా వెళ్లండి. కరివేపాకు కోసం విచిటా దాకా పోవాలి, తెలుగు మాట వినక నెలలు గడుస్తాయి, అది మాత్రం కష్టం. ఒప్పుకునే ముందు ఆ ఊళ్లో బడి నడుస్తోందా అని కనుక్కోండి. శుక్రవారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకు ఊరంతా చేరేది బడి దగ్గరే. మేం ఎవరమో జనానికి తెలిసింది కూడా అక్కడే, బాబును భుజాల మీద కూర్చోబెట్టుకుని నిలబడినప్పుడు.

రెండోది, ఇల్లు. మాకు తాళాలిచ్చిన రోజు ఇంటి ఓనరమ్మ వంటగది కంటే ముందు బేస్‌మెంట్ మెట్లు చూపించి, టార్చి ఎక్కడుంటుందో చేత్తో తడిమించింది. ఏప్రిల్లో ఒక రాత్రి రెండింటికి సైరన్ మోగింది. బాబును దుప్పట్లో చుట్టుకుని, చీకట్లో ఆ టార్చి తడిమి పట్టుకుని, ఇద్దరం ఆ మెట్లు దిగాం. వాన వెలిసేసరికి మా తలుపు కొడుతున్నది ఆవిడే.