ఆపి ఆపి పోసే బోరు

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు సరైన మాట తోచలేదు, అందుకే రాస్తున్నా. దీన్ని ఒక్కసారే చదవకు, నాలుగు రోజులు పెట్టుకొని చదువు. నేనూ వారం రోజులు ముక్కలు ముక్కలుగానే రాశాను.

డెంగీ తగ్గి ఏడాదిన్నర అయినా లేవలేకపోతున్నావని, పరీక్షలన్నీ నార్మల్ అనేసరికి మీ అత్తగారింట్లో "పని తప్పించుకోవడానికే" అన్నారని చెప్పావు కదా. నాకు 2006లో చికున్‌గున్యా వచ్చింది. ఆ ఏడాది ఊళ్ళకు ఊళ్ళే కీళ్ళు పట్టుకొని కూర్చున్నాయి, తర్వాత అందరూ లేచారు, నేను లేవలేదు. దేవరకొండ బడిలో బోర్డు మీద సగం లెక్క చేసి, తర్వాతి మెట్టు గుర్తురాక సుద్దముక్క పట్టుకొని అలాగే నిలబడ్డాను. పిల్లలు నవ్వలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది. మీ పెదనాన్న కూడా మొదటి రెండేళ్ళు నాది బద్ధకమే అనుకున్నాడు, ఇప్పుడు ఒప్పుకోడులే.

నాకున్న జబ్బు పేరు ఎంఈ/సీఎఫ్‌ఎస్ (క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్), ఏళ్ళ తరబడి వదలని అలసట జబ్బు. ముందు నీదీ అదేనా కాదా తేల్చుకో. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగర్, నిద్రలో ఊపిరి ఆగడం, ఇవన్నీ చూపించుకున్నాకే ఈ పేరు దగ్గరికి రావాలి. నా విషయంలో అయితే మొదట ఫ్లోరైడ్ అన్నారు, మర్రిగూడ వైపు నడుములు వంగిపోయినవాళ్ళను చూసిన ఏ డాక్టరైనా అదే అంటాడు. (నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు, పేరైతే బాగానే వచ్చింది.) 2015లో అమెరికాలో నిపుణుల సంఘం ఒకటి గుర్తులు చెప్పింది: ఆరు నెలలకు పైగా మునుపటి పనులు చాలావరకు చేయలేకపోవడం, పడుకున్నా అలసట తీరకపోవడం, వీటితో పాటు ఆలోచన మందగించడమో నిలబడితే కళ్ళు తిరగడమో. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది, చేసిన పని దెబ్బ అప్పుడే తెలియదు, మర్నాడో మూడోనాడో పడేస్తుంది. నువ్వు జడ్చర్ల నుంచి హైదరాబాద్ ఆస్పత్రికి బస్సులో పోయివచ్చి ఆ రోజు బాగానే ఉండి, రెండో రోజు నుంచి నాలుగు రోజులు మంచం దిగలేదు చూడు, అదీ.

ఇక ఎలా బతకాలో చెప్తా. మన చెలకల్లో బోరు ఎలా నడుపుతారో చిన్నప్పుడు చూశావు. అరగంట పోసి గాలి పట్టేలోపే ఆపాలి, నీళ్ళు ఊరనివ్వాలి, మళ్ళీ వేయాలి. ఇంకొక్క మడి తడవనీ అని ఆశపడితే మోటారు కాలుతుంది. నీ ఒళ్ళు ఇప్పుడు ఆ బోరు. అలసిపోయాక ఆగడం కాదు, అలసిపోకముందే ఆగాలి, ఇది నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది. రొట్టెలు నిలబడి చేయకు, పీట మీద కూర్చొని చెయ్యి, రెండు చేశాక ఆపు. తలస్నానం చేసిన రోజు బట్టల జోలికి పోకు. ఎండాకాలం నిలబడితే కళ్ళు తిరుగుతాయి, నీకు బీపీ లేదన్నావు కాబట్టి ఉప్పేసిన మజ్జిగ దగ్గర పెట్టుకో. ఒంట్లో బాగున్న రోజే అసలు ప్రమాదం, ఆ రోజు ఇల్లంతా దులపాలనిపిస్తుంది. దులపకు. ఒక నోటుబుక్కులో ఏ రోజు ఏం చేశావో, మూడో రోజు ఎలా ఉన్నావో రాసిపెట్టు, నెలయ్యేసరికి నీ బోరు ఎంతసేపు పోస్తుందో నీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ డాక్టరు "రోజూ కొంచెం కొంచెం నడక పెంచు, అలవాటవుతుంది, పరిశోధనలో రుజువైంది" అన్నాడు కదా, దాని సంగతి. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన చదువుకున్న రోజుల్లో అలాగే ఉండేది. ఇంగ్లండులో పేస్ అని పెద్ద ప్రయోగం చేశారు, 641 మంది రోగులతో, 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. వ్యాయామం పెంచుతూ పోయినా, ఆలోచనా విధానం మార్చే కౌన్సెలింగ్ ఇచ్చినా బాగవుతారన్నారు, 2013లో ఇంకో అడుగు ముందుకేసి నూటికి 22 మంది కోలుకున్నారన్నారు. నేను లెక్కల టీచర్ని, పాస్ మార్కు ఎంత అని చూశా. ఒంటి శక్తికి నూరు మార్కుల కొలత ఒకటి ఉంది, దాంట్లో 65 లేదా అంతకు తక్కువ వస్తేనే రోగి అని చేర్చుకున్నారు. కోలుకున్నారనడానికి మొదట రాసుకున్న గీత 85. చివరికి దాన్ని 60కి దించారు! అంటే 65తో చేరినవాడు ఇంకా దిగజారి 60కి వచ్చినా ఆ కొలతలో పాసే. చేరిన రోజే ఆ గీత మీద ఉన్నవాళ్ళూ ఉన్నారు. నా క్లాసులో ఎవరైనా ఇలా మార్కులు వేస్తే ఇన్‌స్పెక్షన్‌లో పరువు పోయేది.

ఆస్ట్రేలియాలో మంచాన పడ్డ ఒక రోగి, మన సమాచార హక్కు చట్టం లాంటిదే ఇంగ్లండులోనూ ఉంటే, ఆ ప్రయోగం అసలు లెక్కలు ఇవ్వండని దాని కింద అర్జీ పెట్టాడు. వాళ్ళు ఇవ్వం పొమ్మన్నారు, 2016లో అక్కడి ట్రిబ్యునల్ ఇవ్వాల్సిందే అంది. మొదటి గీత ప్రకారం మళ్ళీ లెక్కేస్తే కౌన్సెలింగ్ గుంపులో నూటికి 7, వ్యాయామం గుంపులో 4, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో 3. ఇంకొకటి, "ఇది మంచి వైద్యం" అని ముందే చెప్పి, తర్వాత "ఎలా ఉంది?" అని అడిగితే మనిషి బాగుందనే అంటాడు, కదలిక కొలిచే యంత్రాన్నేమో చివరి లెక్కల్లోంచి తీసేశారు. 2021లో ఇంగ్లండులో డాక్టర్లకు వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థే ఈ జబ్బుకు వ్యాయామం పెంచుతూ పోయే వైద్యం ఇవ్వవద్దని తన సూచనలు మార్చుకుంది. ఈ మాట డాక్టరుకు గొడవ పడకుండా చెప్పు, "సార్, కొత్త సూచనలు ఒకసారి చూస్తారా" అంటే చాలామంది చూస్తారు. చూడకపోతే డాక్టర్ని మార్చు.

అయితే మనకు నచ్చే పరిశోధననూ ఇలాగే అడగాలి, ఇక్కడే నేను దెబ్బతిన్నా. 2009లో ఒక వైరసే కారణమని సైన్స్ పత్రికలో వస్తే నేను సంబరపడ్డా, హమ్మయ్య, బద్ధకం కాదని తేలింది అని. ల్యాబుల్లో కలుషితం వల్ల కనిపించిందని తేలి 2011లో వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది నార్వేలో రిటుక్సిమాబ్ అనే మందు 30 మంది మీద బాగా పనిచేసిందన్నారు, తర్వాత 151 మంది మీద చూస్తే మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌కూ దానికీ తేడా లేదని 2019లో వాళ్ళే నిజాయితీగా ఒప్పుకున్నారు. నాకైతే ఆ డాక్టర్లంటే గౌరవం. ఒకాయన అమ్మిన పొడికి నేను పోసిన పదకొండు వేల సంగతి మీ అమ్మకు చెప్పకు. 2025లో పదిహేను వేల మందికి పైగా రోగుల జన్యువులు చూసి ఎనిమిది చోట్ల తేడాలున్నాయన్నారు, మంచిదే, కానీ దాన్ని పట్టుకొని ఎవరైనా టెస్టో మందో అమ్మడానికి వస్తే తలుపు వేసుకో.

మీ అత్తకు పరిశోధనలు చెప్పకు, వినదు. నోటుబుక్కు చూపించు, ఫలానా పెళ్ళికి పోయాను, ఇన్ని రోజులు లేవలేదు అని. మా అత్తకు అదే పనిచేసింది, ఆ తర్వాత ఎవరైనా నన్ను లేపబోతే ఆమే కసిరేది.

బతుకమ్మకు రా, కానీ రెండు రోజులు ముందే వచ్చి పడుకో. తంగేడు, గునుగు మీ అమ్మ తెస్తుంది, నువ్వు గోడకు ఆనుకొని పేర్చు, ఆడడానికి లేవకు, పాడు చాలు. దీనికి జవాబు రాయకు, అలసిపోతావు. చదివానని మీ ఆయనతో ఫోన్ చేయించు.

మీ పెద్దమ్మ