రంగు కన్నా ముందు కళ్ళకు పని

అంబత్తూరు, చెన్నై

చి. హారికకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశానమ్మా. 1/35 స్కేలులో తమియా కంపెనీ వాళ్ళ టీ-72 ట్యాంకు మోడల్. అతుకులు చక్కగా కుదిరాయి. టరెట్ మీద, అంటే ఫిరంగి ఉండే తిరిగే పైభాగం మీద, జాయింటు గీత కనపడకుండా ఎంత ఓపిగ్గా రుద్దావో తెలుస్తూనే ఉంది. రేపే రంగు కొట్టేయనా అని అడిగావు. రేపు వద్దు. ఇక్కడ ముసురు పట్టి ఉంది, మీ వేళచ్చేరిలో తేమ ఇంకా ఎక్కువే ఉంటుంది.

స్ప్రే క్యాన్‌లో రంగును పల్చగా ఉంచే థిన్నర్ వేగంగా ఆవిరైపోతుంది. అలా ఆవిరయ్యేటప్పుడు ప్లాస్టిక్ పైభాగం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద నీరై రంగులో కలిసిపోతుంది. ఆరాక చూస్తే తెల్లగా మసక కమ్మి ఉంటుంది. మెరుపు లేని మ్యాట్ వార్నిష్‌కు ఈ బెడద మరీ ఎక్కువ. అందుకని ఎండ కాసిన రోజు చూసుకుని, పొద్దున పది దాటాక మొదలుపెట్టి సాయంత్రం నాలుగు లోపల ముగించు. మే నెలలో ఇదంతా పూర్తిగా తిరగబడుతుంది. రంగు మోడల్‌ను చేరేలోపే గాలిలో ఆరిపోయి గరుకుగా పడుతుంది. అప్పుడు తెల్లవారుజామే మేలు.

ఈలోగా ఒక పని చేయి. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్ళలో వేసి, మెత్తని బ్రష్‌తో మోడల్ మొత్తం కడిగి ఆరబెట్టు. అచ్చు నుంచి ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసే జిడ్డూ, నీ వేళ్ళ నూనే పోకపోతే రంగు పట్టదు, తర్వాత టేపు తీసినప్పుడు పెచ్చులుగా లేస్తుంది. ఆ తర్వాత బూడిదరంగు ప్రైమర్, అంటే అసలు రంగు పట్టడానికి ముందు కొట్టే అడుగు పూత. మిస్టర్ సర్ఫేసర్ 1200 చాలు. ఒకే రంగు పడేసరికి, నువ్వు రుద్దడం మరిచిన చోటల్లా బయటపడుతుంది. సరిదిద్దుకోవడానికి అదే సమయం.

ప్రైమర్ కొట్టేది బాల్కనీలోనే, ముఖానికి ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకుని. గుడ్డ మాస్క్ ఆ వాసనను ఆపదు. దగ్గర్లో పొయ్యి గానీ, అమ్మ వెలిగించిన దీపం గానీ ఉండకూడదు. ఈ విషయంలో మాత్రం నా మాట జవదాటకు.

గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ లేదని దిగులు పడ్డావు. మొదటి మోడల్‌కు అది అక్కర్లేదు. చేత్తో వేయడానికి వల్లేజో కంపెనీ అక్రిలిక్ రంగులు తీసుకో. తమియా అక్రిలిక్ ఎయిర్‌బ్రష్‌లో అద్భుతంగా ఉంటుంది కానీ, బ్రష్‌తో రెండో కోటు వేస్తుంటే కింది కోటు కరిగి చారలు పడుతుంది. రంగును పాలంత పల్చగా చేసుకుని, వెడల్పు బ్రష్‌తో ఒకే దిక్కుగా లాగు. తడిగా ఉన్న చోటికి మళ్ళీ వెళ్ళకు. మొదటి కోటు అతుకులు అతుకులుగా కనపడుతుంది, కంగారు పడకు. పూర్తిగా ఆరనిచ్చి రెండోది, మూడోది వేస్తే కుదురుకుంటుంది. అన్నట్టు ఆకుపచ్చలో కాస్త ఇసుకరంగు కలుపు. పెద్ద బండికి సరిపోయే రంగు చిన్న బొమ్మ మీద మరీ ముదురుగా కనపడుతుంది. తెలుపు కలిపితే సున్నం కొట్టినట్టు పాలిపోతుంది.

ఇక అసలు విషయం, ఏ పొర మీద ఏ పొర అన్నది. వాష్ అంటే గీతల్లోకి నీడలా దిగేలా పూసే బాగా పల్చటి ఆయిల్ రంగు. దానికి వాడే వైట్ స్పిరిట్ అనే థిన్నర్ బాగా ఆరిన అక్రిలిక్‌ను కరిగించదు. అందుకే కింద అక్రిలిక్, పైన ఆయిల్ రంగు. మధ్యలో మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్ వేసుకోవాలి. నున్నటి దాని మీద డీకాల్ (నంబర్లు, గుర్తులు ఉన్న పల్చటి అంటింపు బొమ్మ) కింద గాలి చిక్కదు, వాష్ కూడా గీతల వెంట తనంతట తానే పరుగెడుతుంది. ఇవన్నీ అయ్యాక మెరుపు పోవడానికి మ్యాట్ వార్నిష్. ఈ వరుస తప్పితే ఎంత మంచి రంగులు కొన్నా లాభం లేదు.

వాష్ కోసం ఖరీదైన సీసాలు అవసరం లేదు. స్టేషనరీ షాపులో దొరికే కేమెల్ ఆయిల్ ట్యూబ్, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు ఒక్కటి చాలు. అట్టముక్క మీద బఠాణీగింజంత రంగు పిండి కొంచెంసేపు వదిలేయి, ఎక్కువైన నూనెను అట్ట పీల్చేస్తుంది. తర్వాత వైట్ స్పిరిట్‌లో బాగా పల్చన చేసి, సన్నని బ్రష్ కొనతో బోల్టు మొదట్లో ఊరికే తాకించు. దాని చుట్టూ అదే పాకుతుంది. అరగంట ఆగి, థిన్నర్‌తో కాస్త తడిపిన బ్రష్‌తో మిగిలినది తుడువు. పై నుంచి కిందికే తుడవాలి, వాన నీళ్ళు కారేది అటే కదా. చక్రాల ఇరుసుల దగ్గర మాత్రం వాష్ మడుగు కట్టనివ్వకు. రంగు పడని ప్లాస్టిక్‌లోకి అది దిగితే, బిగువుగా ఉన్న చోట పుటుక్కున విరుగుతుంది.

వెదరింగ్, అంటే మోడల్ వాడి పాతబడినట్టు కనపడేలా చేయడం, దగ్గరకొచ్చేసరికి కొత్తవాళ్ళందరూ సిల్వర్ రంగు తీసి అంచులన్నిటికీ పూస్తారు. నువ్వు ఆ పని చేయకు. ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి. కారణం చెప్పలేని మరక వేయకు. దీనికి నీకు దొరికే మంచి గురువు మీ వీధిలోకి వచ్చే నీళ్ళ లారీ. ఈసారి వచ్చినప్పుడు పది నిమిషాలు నిలబడి చూడు. నీళ్ళు పొంగి కారే చోట కిందికి తుప్పు చారలు ఉంటాయి. డీజిల్ మూత కింద నల్లగా తడి మరక, దానికి అంటిన దుమ్ము. డ్రైవర్ కాలు పెట్టే మెట్టు మీద రంగే ఉండదు. చక్రాల వెనక బురద చిమ్మిన తీరు గమనించు. ఫోన్‌లో ఫొటోలు తీసుకో, బొమ్మలు గీసుకున్నా మంచిదే.

అదే చూపుతో నీ టీ-72 వైపు చూడు. దాని పొగగొట్టం ఎడమ పక్క ఫెండర్ (చక్రాల మీది రేకు) మీద ఉంటుంది, కాబట్టి మసి అక్కడే. వెనకాల డ్రమ్ముల దగ్గర ఇంధనం ఒలికిన మరకలు. సైనికులు ఎక్కే చోటా, లోపలికి దిగే మూత (హాచ్) చుట్టూ రంగు అరిగి ఉంటుంది. ట్రాక్‌లు, అంటే చక్రాల చుట్టూ తిరిగే పట్టాలు, గోధుమరంగులో ఉండి, నేలకు రాసుకునే భాగం మాత్రం మెరుస్తుంది. చక్రాల అంచు రబ్బరు, దానికి లోహపు మెరుపు ఎక్కడి నుంచి వస్తుంది? రంగు లేచిన గీతలకు ముదురు గోధుమరంగు వాడు. చిన్న స్పాంజి ముక్కను అందులో ముంచి, కాగితం మీద దాదాపు ఆరేదాకా అద్ది, ఆ తర్వాతే మోడల్‌కు తాకించు.

దుమ్ము ఏ రంగులో ఉండాలో తేల్చాలంటే ఈ ట్యాంకు ఎక్కడ ఉందో ముందు నువ్వు తేల్చుకోవాలి. మాకు దగ్గర్లోని ఆవడి ఫ్యాక్టరీ నుంచే 1965లో మొదటి విజయంత ట్యాంకు వచ్చింది. తర్వాత అక్కడే టీ-72లు అజేయ పేరుతో తయారయ్యాయి. ఫ్యాక్టరీ గేటు దాటిన కొత్త బండి అనుకుంటే వాష్ తప్ప ఇంకేమీ వద్దు. రాజస్థాన్ ఎడారిలో విన్యాసాలు చేసి వచ్చింది అనుకుంటే లేత ఇసుకరంగు దుమ్ము. మన కడప వైపు ఎర్రమట్టి అక్కడ నప్పదు. నన్నడిగితే ఎడారే ఎంచుకో, నేర్చుకోవడానికి ఎక్కువ ఉంది.

దుమ్ముకు డ్రై పేస్టల్ కడ్డీలను గరుకు కాగితం మీద అరగదీసి పొడి చేసుకో. ఆయిల్ పేస్టల్ పనికిరాదు. పొడిని కింది భాగాల్లో, మూలల్లో చల్లి ఒక చుక్క వైట్ స్పిరిట్ వదిలితే అంటుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు రంగు పోయినట్టు ముదురుగా కనపడుతుంది, ఆరాక తిరిగి వస్తుంది. చాల్లేదని అప్పుడే ఇంకాస్త చల్లకు. దీని మీద వార్నిష్ కొట్టినా దుమ్ము మాయమైపోతుంది, కాబట్టి ఇదే ఆఖరి పని.

స్ప్రూ ముక్కలు, అంటే భాగాలు కత్తిరించాక మిగిలిన ప్లాస్టిక్ ఫ్రేము ముక్కలు, పారేయకు. వాటికీ ఇదే ప్రైమర్, ఇదే రంగు వేసి పెట్టుకుని, ప్రతి పనీ ముందు వాటి మీద చేసి చూడు. ఆదివారం ఎండ కాస్తే మోడల్ తీసుకుని ఇక్కడికి రా, మేడ మీద ప్రైమర్ కొడదాం. ట్రాక్‌లు ఇంకా అతికించకు, విడిగా డబ్బాలో పెట్టి తీసుకురా. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య