ఎండకు కాలే వరండా గ్రానైట్ మీద ఆవకాయ నూనె మరక పోవాలంటే?

ఒంగోలు లాంటి చోట పడమటి వరండాలో లేత రంగు గ్రానైట్ వేశారు, ఆవకాయ నూనె ఒలికి మచ్చ నిలిచిపోయింది, ఎంత కడిగినా పోవట్లేదు అంటే నూనె పైన లేదు, రాయి లోపలికి దిగింది. చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైట్ మీదైతే ఇంత కనపడదు. లేత రాళ్లు చాలావరకు ఎక్కువ పీలుస్తాయి.

ముందు వేళ చూసుకోండి. బండ కాలుతున్నప్పుడు ఏది రాసినా పని చేసేలోపే ఆరిపోయి తెల్లచారలు మిగులుస్తుంది. రాయి చల్లారాక, రాత్రి మొదలుపెట్టండి.

వంటసోడాలో కొద్దికొద్దిగా నీళ్లు కలిపి వడపిండిలా గట్టిగా చేసి, మచ్చకు అంగుళం అవతల దాకా పావు అంగుళం మందాన పట్టించండి. ప్లాస్టిక్ కవరు కప్పి అంచులకు టేపు వేసి 24 గంటలు వదలండి. తర్వాత కవరు తీసి పూర్తిగా ఆరనివ్వాలి. నూనెను పైకి లాగేది ఆ ఆరడమే, చాలామంది తడిగానే తుడిచేసి ఫలితం లేదంటారు. ప్లాస్టిక్ స్కేలుతో గీకేయండి. పాత మచ్చకు రెండు మూడుసార్లు పడుతుంది.

కారం, పసుపు రంగు ఇంకా ఉంటే నీళ్లకు బదులు మందుల షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో అదే ముద్ద కలపండి. గ్లౌజులు తప్పనిసరి. నల్లరాయికి ఇది వద్దు.

బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు, నూనెను కదిలించదు సరికదా జాయింట్లలో సిమెంటును తినేస్తుంది.