పిల్లలతో వెళ్లడానికి హైదరాబాద్‌లో నది ఒడ్డున పాత పార్క్ ఏదైనా ఉందా?

ఈ ప్రశ్నకి అందరూ ట్యాంక్‌బండ్, లుంబినీ పార్క్ అనే చెప్తారు. అది చెరువు మహాప్రభో, నది కాదు! మన నది మూసీ. కంపు కొడుతోందని ముక్కు మూసుకుంటే నది కాకుండా పోతుందా?

నా మాట విని అఫ్జల్‌గంజ్ వెళ్లండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, చిన్న పార్క్‌లో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ఊడ్చేసినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది బతికారంటారు.

దసరా సెలవుల్లో అమ్మనీ మా ఆవిడనీ పాపనీ తీసుకెళ్లాను. మూడో తరగతి చదువుతున్న మా పాప చెట్టు చుట్టూ తిరిగి, కొమ్మలు లెక్కపెట్టి, "అంతమంది పట్టరు, అబద్ధం" అని తేల్చేసింది. అమ్మకి రోషం వచ్చింది. "పానం మీదికొస్తే ఎందుకు పట్టరే? ఒక్కో కొమ్మకు పదిమంది యాలాడతరు" అంటూ కింద రాలిన చింతకాయ ఒకటి ఏరి, కొంగుతో తుడిచి దాని చేతిలో పెట్టింది. అది కొరికి, ఒక కన్ను మూసి, భుజాలు పైకెత్తి, మళ్లీ కొరికింది. చెట్టు మీద కేసు అక్కడితో కొట్టేసినట్టే.

ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ భార్యనీ కూతురినీ పోగొట్టుకున్నాడని చెప్పబోతే, "పిల్లకి ఇవన్నీ ఇప్పుడే ఎందుకండీ" అని మా ఆవిడ కసిరింది. ఎందుకేమిటి? సింగపూర్ వెళ్లి అక్కడి నది పక్కన వంద ఫొటోలు దిగొచ్చే మనవాళ్లకి, గండిపేట ఎందుకు కట్టారో అడిగితే నోరు పెగలదు. వరద తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యని పిలిపిస్తే, నీళ్లని ఊరికి ఎగువనే ఆపాలన్నాడాయన. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని గొప్పలు పోతాం కదా, ఆ నీళ్లు ఈ వరద పెట్టిన భిక్షే.

ఊయలలూ జారుడుబల్లలూ ఆశించి వెళ్లకండి. అసలు ఈ మధ్య పార్క్ అంటే బుడగల తుపాకీ కొనిపెట్టే చోటైపోయింది. గేటు దగ్గర నిలబడి సరిగ్గా పిల్లల కంటి ఎత్తులోనే ఊపుతారు, అది రెండు నిమిషాల్లో పాడవుతుంది. ఇక్కడ ఆ బాధ లేదు. కాకపోతే ఆసుపత్రి కదా, రోగుల బంధువులు ఉంటారు, పిల్లల్ని కేకలు వేయనివ్వకండి. కారు అసలే వద్దు. ఎంజీబీఎస్ మెట్రోలో దిగి ఆటో ఎక్కితే టెన్షన్ ఉండదు.

ఎలాగూ అంత దూరం వెళ్తారు కాబట్టి, అటు ఒడ్డుకు దాటి సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం కూడా చూపించండి. మధ్యాహ్నం పన్నెండుకైతే పన్నెండు దెబ్బలూ వినొచ్చు, కొంచెం ముందే వెళ్లి కూర్చోండి. శుక్రవారం మాత్రం మ్యూజియం ఉండదు.