ముందు నీళ్లు, తర్వాతే మందు
(ప్రథమ చికిత్సపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మా మూడేళ్ల పాప కాలి మీద మరిగిన నీళ్లు ఒలికాయి. వెంటనే ఐసుముక్కతో రుద్ది, పైన టూత్‌పేస్ట్ రాశాం. తెల్లారేసరికి పెద్ద బొబ్బ లేచింది. సూదితో పొడిచి నీరు తీసేయవచ్చా?

జవాబు: పొడవకండి. బొబ్బ పైపొర చిరగనంత వరకు కింద ఉన్న పచ్చి చర్మానికి క్రిములు చేరవు. అంతకన్నా మంచి కట్టు ఎక్కడా దొరకదు. అయితే మూడేళ్ల పిల్లకు పెద్ద బొబ్బ లేచిందంటే ఇంట్లో పెట్టుకుని చూడాల్సిన గాయం కాదు. ఈరోజే డాక్టరుకు చూపించండి.

ఇక ఐసు, పేస్టు సంగతి. ఒలికిన నీళ్లు తుడిచేసినా చర్మంలోకి ఎక్కిన వేడి అక్కడితో ఆగదు, లోపలి పొరల్లోకి దిగుతూనే ఉంటుంది. దాన్ని బయటికి లాగేయడమే మొదటి పని. అందుకు కుళాయి నీళ్లు సన్నటి ధారగా 20 నిమిషాలు పడాలి. చాలామంది రెండు మూడు నిమిషాలకే కుళాయి కట్టేస్తారు, మంట తగ్గింది కదా అని. మంట తగ్గడం వేరు, లోపలి వేడి దిగడం వేరు. గడియారం చూసుకుని పోయండి. వెంటనే కుదరకపోయినా, కాలిన 3 గంటల లోపు ఎప్పుడు పోసినా మేలే. ఐసు పెడితే రక్తనాళాలు ముడుచుకుపోతాయి, అసలే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందక గాయం లోతవుతుంది. పేస్టు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. పైగా గాయం ఎంత లోతో తెలియాలంటే డాక్టరు ముందు దాన్ని కడిగి తీయాలి. పాపకు అది రెండో నరకం.

నీళ్లు పోస్తూనే పట్టీలు, ఉంగరాలు, సాక్సులు తీసేయండి. కాసేపటికి వాపు వచ్చాక అవి రావు. బట్ట చర్మానికి అతుక్కుపోతే లాగకుండా చుట్టూ కత్తిరించి, అతుక్కున్న ముక్కను అలాగే వదిలేయండి. చిన్నపిల్లలకు ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. కాబట్టి కాలిన చోట మాత్రమే నీళ్లు పోసి, మిగతా ఒంటికి పొడి దుప్పటి కప్పండి. వణుకు మొదలైతే నీళ్లు ఆపండి. తర్వాత వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ తీసుకుని, చుట్టలో పైవరస చింపి పారేసి, కింది ముక్కను గాయం మీద పొడవుగా పరవండి. కాలి చుట్టూ చుట్టవద్దు, వాపు వచ్చినప్పుడు బిగుసుకుంటుంది. దూది అసలే వద్దు, పీచు గాయానికి అంటుకుంటుంది.

కాలిన చోటు బాధితుల అరచేయి, వేళ్లు కలిపినంత వైశాల్యం దాటితే ఆసుపత్రికి వెళ్లాలి. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, కరెంటు వల్లగానీ రసాయనం వల్లగానీ కాలినా పరిమాణంతో పనిలేకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కాలిన చోట తెల్లగానో నల్లగానో మారి నొప్పి తెలియడం లేదంటే సంబరపడకండి. నొప్పి చెప్పే నరాలు కూడా కాలిపోయాయని అర్థం.

ప్రశ్న: ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపితే సగం పారబోయాల్సి వస్తోంది. అందుకని గ్లాసుకు ఒక చెంచా చొప్పున కలుపుతున్నాం. బాబు తాగిన వెంటనే కక్కేస్తున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఇందులో రెండు తప్పులున్నాయి, ఒకటి కలపడంలో, ఇంకొకటి తాగించడంలో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ప్యాకెట్‌లో ఉండేది 20.5 గ్రాముల పొడి: గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. ఇవన్నీ ఒకే సైజు పలుకులు కావు. ప్యాకెట్ కదిలినప్పుడల్లా ఒకటి పైకి, ఒకటి అడుక్కి చేరతాయి. మీరు తీసిన చెంచాలో ఉప్పు ఎంత పడిందో ఎవరూ చెప్పలేరు. నీళ్లు తక్కువై ద్రావణం చిక్కనైతే పేగు ఆ నీటిని పీల్చుకోకపోగా, ఒంట్లోని నీటినే తనలోకి లాక్కుంటుంది. విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. కాబట్టి ప్యాకెట్ విప్పితే మొత్తం కలపాలి. వృథా అవుతోందనుకుంటే 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు తెచ్చుకోండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో మాత్రం ప్రతిసారీ చదవాలి, రెండు సైజులూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. నీళ్లు ముందే కాచి చల్లార్చుకోండి, కలిపాక కాచకూడదు. పంచదార, పళ్లరసం చేర్చకూడదు. 24 గంటలు దాటితే పారబోయండి.

ఇక వాంతి. దాహం మీదున్న పిల్లాడు గ్లాసెడు గటగటా తాగితే పొట్ట ఒక్కసారిగా ఉబ్బి తిరగబెడుతుంది. కక్కాక 10 నిమిషాలు ఆగండి. తర్వాత 5 మిల్లీలీటర్ల చెంచాతో రెండు నిమిషాలకొకసారి పట్టండి. చాదస్తంలా కనిపిస్తుంది కానీ, లెక్కేస్తే గంటకు 150 మిల్లీలీటర్లు లోపలికి వెళ్తాయి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ల లోపు వాళ్లకు 50 నుంచి 100, ఆపై పదేళ్ల వరకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. తల్లిపాలు ఆపవద్దు. ప్యాకెట్ దొరకని పూట లీటరు నీటికి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, అంచుకు సమంగా గీసినది, గోపురంలా పోగుపడింది కాదు. ఇందులో పొటాషియం ఉండదు కనుక ప్యాకెట్ దొరికేదాకానే.

కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, బాబు మగతగా ఉండి తాగలేకపోయినా చెంచాలతో కాలం గడపకండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: చంటిపాపకు జ్వరానికి రాసిచ్చిన పారాసిటమాల్ చుక్కల మందు అయిపోయింది. వాళ్లన్నయ్య వాడే సిరప్ ఉంది. అదే కొలతలో పోయవచ్చా?

జవాబు: పోయకూడదు. మిల్లీలీటర్లు గుర్తుపెట్టుకుని మిల్లీగ్రాములు మరిచిపోవడం వల్లే ఈ మందుతో ప్రమాదాలు జరుగుతుంటాయి. చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్‌లలో ఒక రకంలో 5 మిల్లీలీటర్లకు 120, ఇంకో రకంలో 250. మోతాదు బిడ్డ బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 12 కిలోల బిడ్డకు 15 చొప్పున లెక్కేస్తే 180 మిల్లీగ్రాములు కావాలి. అంటే చుక్కల మందు 1.8 మిల్లీలీటర్లు, 250 సిరప్ 3.6, 120 సిరప్ 7.5. మందు అదే, కొలతలు మూడు. మీరు అడిగినట్టు చేస్తే మందు తక్కువై జ్వరం దిగదు, అంతే. తిరగేసి చేస్తే, సిరప్ కొలతలో చుక్కల మందు 7.5 మిల్లీలీటర్లు పోస్తే, 750 మిల్లీగ్రాములు వెళ్తాయి. కావలసిన దానికి నాలుగింతల పైనే.

కాబట్టి సీసా మీద ఎంత గాఢతో చదివి, బరువు లెక్క డాక్టరుతోగానీ ఫార్మసిస్టుతోగానీ సరిచూసుకుని, సూది లేని సిరంజితో కొలిచి పోయండి. రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు, రోజుకు నాలుగు సార్లకు మించకూడదు. జలుబు సిరప్ కూడా ఇస్తుంటే అందులో పారాసిటమాల్ కలిసి ఉందేమో చూడండి, చాలావాటిలో ఉంటుంది. ఎక్కువ పడిందని తెలిస్తే, బిడ్డ హుషారుగా ఆడుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కాలేయం దెబ్బతిన్న లక్షణాలు ఒకటి రెండు రోజుల తర్వాతే బయటపడతాయి, విరుగుడు మాత్రం తొలి గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది. మూడు నెలల లోపు పాపకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే ఇంటి వైద్యం పనికిరాదు, చూపించాల్సిందే.

ప్రశ్న: ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వంచాలా?

జవాబు: ముందుకు వంచాలి. వెనక్కి వంచితే రక్తం ఆగదు, గొంతులోకి దిగుతుంది. మింగితే వాంతి, ఊపిరిలోకి పోతే ఇంకా ప్రమాదం. కూర్చోబెట్టి, ముక్కు కొసన మెత్తగా ఉండే భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి 10 నిమిషాలు పట్టుకోండి. పైన ఎముక దగ్గర నొక్కితే ఫలితం ఉండదు. ఆగిందో లేదో అని మధ్యమధ్య వదిలి చూడటమే ఎక్కువమంది చేసే పొరపాటు. అప్పుడే గడ్డకడుతున్న రక్తం ఊడిపోయి కథ మొదటికొస్తుంది. అరగంటకు ఆగకపోయినా, రక్తం పల్చబరిచే మందులు వాడుతున్నా ఆసుపత్రికి వెళ్లండి. ఆగాక ఆ రోజంతా ముక్కు చీదవద్దు.

ప్రశ్న: ఎనిమిది నెలల బాబు గొంతులో ఏదైనా అడ్డం పడితే వేలు పెట్టి తీయవచ్చా?

జవాబు: వస్తువు కంటికి కనిపిస్తూ, తేలిగ్గా అందేటట్టుంటేనే. కనిపించకుండా వేలు తిప్పితే అది ఇంకా లోపలికి దిగబడుతుంది.

బాబు గట్టిగా దగ్గుతూ ఏడుస్తుంటే గాలి ఆడుతున్నట్టే, దగ్గనివ్వండి. గొంతు పెగలకుండా, ఏడుపు రాకుండా, పెదాలు నీలిబడుతుంటే క్షణం ఆగవద్దు. కూర్చుని, మీ ముంజేతి మీద బాబును బోర్లా పడుకోబెట్టి ఆ చేతిని తొడకు ఆనించండి. తల ఒంటికన్నా కిందికి ఉండాలి. దవడను వేళ్లతో పట్టుకోండి, గొంతు నొక్కుకుపోకూడదు. రెండు భుజాల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో 5 సార్లు చరవండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక కింది సగం మీద అదే గట్టి భాగంతో 5 సార్లు లోతుగా నొక్కండి. వస్తువు బయటపడేదాకా ఇలా మార్చి మార్చి చేస్తుండాలి, ఈలోగా పక్కవారు అంబులెన్సుకు ఫోన్ చేయాలి. బాబు స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, మధ్యలో నోటితో ఊపిరి అందించడం) మొదలుపెట్టండి.

ఏడాది నిండని వాళ్లకు పొట్ట నొక్కకూడదు, కాలేయం చిట్లుతుంది. ఏడాది దాటిన వాళ్లకు మాత్రం వీపు మీద 5 దెబ్బల తర్వాత, వెనక నిలబడి బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి 5 సార్లు లోపలికీ పైకీ లాగాలి. పొట్ట నొక్కి తీసిన ప్రతిసారీ, అంతా కుదుటపడినట్టే ఉన్నా, డాక్టరుకు చూపించాలి. గర్భిణులకు పొట్ట బదులు ఛాతీ మధ్యలో నొక్కాలి.

ప్రశ్న: బాత్రూమ్‌లో బ్లీచు, ఆసిడ్ క్లీనర్ రెండూ వేసి కడుగుతుంటే గొంతు పట్టేసి దగ్గు వచ్చింది. ఎందుకు?

జవాబు: ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. బ్లీచు అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిసినా విషవాయువే పుడుతుంది. క్లోరిన్ గాలికన్నా బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది. వంగి తోముతున్న మనిషి ముక్కు ఉండేదీ అక్కడే. ఘాటు తగలగానే ఉన్నది ఉన్నట్టు వదిలేసి బయటికి రండి. వచ్చేదారిలో చేతికందితేనే కిటికీ తెరవండి, తెరవడానికని లోపలికి వెళ్లవద్దు. కళ్లు మండితే 15 నిమిషాలు నీటితో కడగండి. ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా ముదరవచ్చు కనుక దగ్గు తగ్గకపోయినా, ఛాతీ పట్టేసినట్టున్నా ఆసుపత్రికి వెళ్లి ఏ రెండు సీసాలు కలిశాయో చెప్పండి. ఒకటి వాడి, నిండా నీళ్లు పోసి కడిగేసి, రెండోది మరో రోజు వాడుకోవచ్చు. రెండూ కలిస్తే మురికేమీ ఎక్కువగా వదలదు.