గ్రనడాలో శని, ఆదివారాలు: మీ ప్రశ్నలకు జవాబులు

సెమిస్టర్ చదువుకి బెంగళూరు కాలేజీల నుంచి స్పెయిన్ వెళ్తున్న పిల్లలు, వాళ్లను పంపుతున్న అమ్మానాన్నలు రాసిన ఉత్తరాల్లో గ్రనడా పేరు మళ్లీ మళ్లీ కనిపించింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క ఊరికే.

ప్రశ్న: మా అమ్మాయి మాడ్రిడ్‌లో చదువుతోంది. వచ్చే నెల 14 మంది కలిసి శనివారం పొద్దున బయల్దేరి, గ్రనడా చూసుకుని ఆదివారం రాత్రికి తిరిగొస్తారట. అల్‌హాంబ్రా కోట టికెట్లు అక్కడికి వెళ్లాక కొనుక్కుంటాం అంటోంది. దొరుకుతాయా?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: దొరకవనే అనుకోండమ్మా. శని, ఆదివారాల టికెట్లు చాలా ముందుగానే అయిపోతుంటాయి. రైలు, హాస్టల్ బుక్ చేసుకుని ఆఖరున కోట సంగతి చూసేవాళ్లు ఊరంతా తిరిగి కోటను బయటి నుంచి చూసి వస్తారు. వరుస తిరగెయ్యాలి. మొదట కోట టికెట్, అది ఏ రోజుకి దొరికితే దాన్ని బట్టి మిగతావి.

అల్‌హాంబ్రా ఒక్క కట్టడం కాదు. అల్కసాబా అనే సైనిక దుర్గం, ఒకప్పుడు గ్రనడాను ఏలిన నస్రీద్ వంశపు సుల్తానుల రాజమందిరాలు, పక్క గుట్ట మీద హెనెరలీఫె అనే విడిది, వాటి తోటలు, అన్నీ కలిపి ఆ పేరు. ఇందులో రాజమందిరాలకు మాత్రం టికెట్ మీద వేళ అచ్చు వేసి ఇస్తారు. అరగంటకో జట్టు చొప్పున లోపలికి వదులుతారు. ఆ వేళ దాటితే రైలు ఆలస్యమైందన్నా, ఒక్కరు వెనకబడ్డారన్నా వదలరు. లోపలికి వెళ్లాక మాత్రం ఎంతసేపు ఉన్నా ఎవరూ తొందరపెట్టరు.

మోసపోయేది ఎక్కువగా టికెట్ రకం దగ్గర. 'గార్డెన్స్' అన్న పేరుతో ఉండే టికెట్ చవక కాబట్టి విద్యార్థుల చూపు దాని మీదే పడుతుంది. దానితో తోటలు, హెనెరలీఫె, అల్కసాబా చూడవచ్చు గానీ రాజమందిరాల గుమ్మం దాటలేరు. కావలసింది 'జనరల్' టికెట్, ధర సుమారు 20 యూరోలు. మధ్యవర్తుల సైట్లు ఇదే టికెట్‌ని ఎక్కువ ధరకి అమ్ముతుంటాయి కాబట్టి అధికారిక సైట్‌లోనే కొనమనండి. ఒకే ఆర్డర్‌లో 14 టికెట్లు రాకపోతే రెండు ఆర్డర్లు చేయవచ్చు, రెండింటిలోనూ ఒకే వేళ ఎంచుకోవాలి.

మీరే ఇక్కడి నుంచి మీ కార్డుతో కొనేటట్లయితే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయండి. మన కార్డులకు అది మనం అడిగితే తప్ప ఆన్‌లో ఉండదు. పద్నాలుగు మంది పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు ఓపిగ్గా నింపాక చివరి మెట్టులో డబ్బు కట్టడం ఫెయిలైతే, మళ్లీ మొదలుపెట్టేలోపు ఆ అరగంట ఇంకెవరికో వెళ్లిపోవచ్చు.

ఇంకో మాట. మార్చి ఆఖరి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు అక్కడి గడియారాలు 3కి జరుగుతాయి. ఆ వారాంతంలో వెళ్తే చేతి గడియారం చూసుకుని నిద్ర లేచినవాళ్లకి గంట తగ్గిపోతుంది. ఫోన్లు తమంతట తామే సర్దుకుంటాయి.

ప్రశ్న: టికెట్ ఫారంలో రెండు ఇంటిపేర్లు అడుగుతోంది. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, పూర్తి పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. ఏం రాయాలి? గేటు దగ్గర ఆపేస్తారా?
– విద్యార్థి, వైట్‌ఫీల్డ్

జవాబు: స్పెయిన్‌లో ఒక్కొక్కరికి రెండు ఇంటిపేర్లు, ఒకటి తండ్రి వైపుది, ఒకటి తల్లి వైపుది. ఆ రెండో గడి అందుకే. ఇంటిపేరు ఉన్నవాళ్లు మొదటి గడిలో రాసి రెండోది వదిలేయండి. అది తప్పనిసరి అంటే అదే పేరు మళ్లీ రాయండి. మీలాగా సర్‌నేమ్ లేనివాళ్లు గివెన్ నేమ్‌నే ఆ గడిలో కూడా రాయవచ్చు. పాస్‌పోర్టులో లేని ఇంటిపేరు కొత్తగా చేర్చడం, పొడి అక్షరాన్ని సొంతంగా విడదీయడం మాత్రం వద్దు.

పేరు కంటే నంబర్ ముఖ్యం. పాస్‌పోర్టు నంబర్ మొదట్లో ఉండే ఇంగ్లీషు అక్షరంతో సహా ఎక్కించండి. టికెట్ ఒకసారి ఒకరి పేరున వచ్చాక ఇంకొకరికి మార్చడం కుదరదు. రాలేనన్న స్నేహితుడి టికెట్ మీద ఇంకొకరిని తీసుకెళ్లాలన్న ఆలోచన పెట్టుకోవద్దు. ఆ రోజు అసలు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. హాస్టల్ లాకర్లో పెట్టి ఫోన్లో ఫోటో చూపిస్తామంటే గేటు దగ్గరే ఆగిపోవాల్సి రావచ్చు.

ప్రశ్న: మా డిపార్ట్‌మెంట్ నుంచి మాడ్రిడ్‌లో ఉన్న 22 మంది విద్యార్థులకు నేను బాధ్యురాలిని. రెండు రోజులు ఎలా అమర్చుకోవాలి? రైలా, బస్సా?
– లెక్చరర్, యలహంక

జవాబు: మాడ్రిడ్ అతోచా స్టేషన్ నుంచి వేగ రైలులో దాదాపు మూడున్నర గంటలు. దక్షిణ బస్ స్టేషన్ నుంచి బస్సులో అయిదు గంటలు, ఖర్చు తక్కువ. వెళ్లేటప్పుడు రైలే మంచిది, శనివారం మధ్యాహ్నం చేతికి మిగులుతుంది. అతోచాలో ఎక్కేముందు సామాన్లు స్కాన్ చేస్తారు, రైలు కదలక ముందే గేటు మూసేస్తారు. బెంగళూరు మెజెస్టిక్ స్టేషన్‌లోలా చివరి నిమిషంలో పరుగెత్తి ఎక్కడం కుదరదు. 22 మంది అరగంట ముందు అక్కడ ఉండాలి.

కోట శనివారానికి పెట్టుకోకండి. రైలు కాస్త ఆలస్యమైతే 22 టికెట్లూ పోతాయి. శనివారం మధ్యాహ్నం ఊళ్లోని పెద్ద చర్చి, దాన్ని ఆనుకుని ఉన్న రాయల్ చాపెల్ చూడండి. ఆదివారం ఉదయం చర్చిలో ప్రార్థనలు ఉంటాయి కాబట్టి ఆ వేళ సందర్శకులకు వీలుండదు. గ్రనడాను 1492 జనవరి 2న చివరి సుల్తాన్ 12వ ముహమ్మద్ నుంచి స్వాధీనం చేసుకున్న రాణి ఇసబెల్లా, రాజు ఫెర్డినాండ్‌ల సమాధులు ఆ చాపెల్‌లో ఉన్నాయి. కొలంబస్ ప్రయాణానికి ఒప్పందం కుదిరింది కూడా ఆ ఏడాదే, ఊరికి దగ్గర్లోని శాంతా ఫేలో. సాయంత్రం అల్బైసీన్ పేటలోని సాన్ నికొలాస్ మెట్ట ఎక్కండి. ఎదురుగా కోట, వెనక సియెర్రా నెవాడా పర్వతాల మంచు. దారంతా గుండ్రాళ్లు పరిచిన ఎత్తుపల్లాల సందులు, నున్నటి అడుగు ఉన్న చెప్పులు జారతాయి.

ఆదివారం రాజమందిరాల వేళ 9:30 అయితే 9:10కే గుమ్మం దగ్గర ఉండాలి. చాలా జట్లు తప్పు లెక్క వేసుకునేది ఇక్కడే. ప్రధాన ద్వారం హెనెరలీఫె వైపు ఉంటుంది, అక్కడి నుంచి రాజమందిరాలకు పావుగంట, ఇరవై నిమిషాల నడక. టికెట్లు ముందే చేతిలో ఉంటే 1348 నాటి న్యాయద్వారం వైపు నుంచి రావడం దగ్గర. ప్లాసా నువేవా నుంచి గోమెరెస్ ఎగుడుదారి నడిస్తే 20 నిమిషాలు, కాళ్ల నొప్పులున్నవాళ్లకి సీ30 నంబర్ బస్సు. రాజమందిరాలు, అల్కసాబా, హెనెరలీఫె, మూడింటికీ ఒక్కొక్కసారే ప్రవేశం. మధ్యలో బయటికి వచ్చి మళ్లీ వెళ్లే వీలు లేదు, మంచినీళ్లు, మరుగుదొడ్డి అన్నీ ముందే చూసుకోవాలి. పెద్ద బ్యాగులు క్లోక్‌రూంలో ఇచ్చేయాలి, చిన్న బ్యాక్‌ప్యాక్ వీపున కాకుండా ముందుకు తగిలించుకోవాలి. గోడల గచ్చుకు బ్యాగు రాసుకుంటే ఏడు వందల ఏళ్ల పని రాలిపోతుంది.

ప్రశ్న: శాకాహారిని, గుడ్డు కూడా తినను. రెండు రోజులు ఎలా గడుస్తాయి?
– బనశంకరి

జవాబు: గడుస్తాయి, కాకపోతే అడిగి తినాలి. గ్రనడాలో డ్రింక్ ఏది తీసుకున్నా చిన్న పళ్లెంలో తపా అనే చిరుతిండి ఉచితంగా ఇవ్వడం ఆనవాయితీ. అది వాళ్లు ఇచ్చిందే, తరచు పంది మాంసం ముక్కలతో ఉంటుంది. అందుకే ఆర్డర్ చేస్తున్నప్పుడే చెప్పాలి. 'వెజిటేరియన్' అంటే చేప తింటారనుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని విడివిడిగా చెప్పండి: 'సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ ఉవేవో'. ఎన్సలాదా మిక్స్తా అనే సలాడ్‌లో ట్యూనా చేప, తోర్తియా అనే ఆలుగడ్డ అట్టులో గుడ్డు ఉంటాయి. సల్మొరెహో అనే చల్లటి టమాటా సూప్ మీద హాం (పంది మాంసం), గుడ్డు చల్లుతారు. బెరెన్‌హేనస్ కోన్ మియెల్ అనే వేయించిన వంకాయ ముక్కలు, పైన చెరకు పాకం, మీకు బాగా నచ్చుతాయి. పిండిలో గుడ్డు కలిపారా అని మాత్రం అడగండి. టమాటా రుద్దిన రొట్టె, కాల్దెరెరియా వీధి అరబ్ హోటళ్లలో ఫలాఫెల్ (శనగ వడలు), హమ్మస్ (శనగ ముద్ద) దొరుకుతాయి. సాయంత్రం 4 నుంచి 8 దాకా చాలా వంటిళ్లు మూసి ఉంటాయి, ఆదివారం దుకాణాలు కూడా. శనివారమే పళ్లు, రొట్టె కొని పెట్టుకోండి.

ప్రశ్న: చర్చి దగ్గర ఆడవాళ్లు ఆకు కొమ్మ చేతిలో పెడతారని విన్నాం. తీసుకోవచ్చా?
– కె.ఆర్.పురం

జవాబు: వద్దు. అది రోజ్‌మేరీ కొమ్మ. చేతికి అందగానే జాతకం చెప్పి డబ్బు అడుగుతారు. చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచిపోండి. అత్యవసరానికి ఫోన్ నంబర్ 112.

ప్రశ్న: హంపి చాలాసార్లు చూశాను. రాజమందిరాల్లో ప్రత్యేకంగా ఏం గమనించాలి?
– చరిత్ర విద్యార్థిని, జయనగర్

జవాబు: నీళ్లను గమనించండి. హంపిలో బుక్కరాయలు ఏలుతున్న రోజుల్లోనే ఇక్కడ అయిదో ముహమ్మద్ సింహాల ముంగిలి కట్టించాడు. హంపిలో రాతి కాలువల మీదుగా నీరు మెట్ల కోనేటికి ఎలా చేరిందో మీరు చూసే ఉంటారు. ఇక్కడా ఆ లెక్కే. కొండ కింద పారే దార్రో నదికి ఎగువన, దాదాపు 6 కిలోమీటర్ల అవతల నీటిని మళ్లించారు. 'అసేకియా రియాల్' అనే ఆ కాలువ కొండ వాలు వెంట కొద్దికొద్దిగా దిగుతూ కోటకు చేరుతుంది. మోటరు లేదు, ఎత్తు తేడాయే బలం.

మర్టిల్ పొదల ముంగిలిలో పొడవాటి కొలను రెండు చివర్లా చిన్న పాలరాతి పళ్లేల దగ్గర ఆగండి. నీరు నేరుగా కొలనులోకి దూకదు. పళ్లెంలో వేగం తగ్గించుకుని, సన్నటి గాడిలో మెల్లగా జారుతుంది. అల లేవదు కాబట్టే ఎదుటి గోపురం నీళ్లలో చెదరకుండా కనిపిస్తుంది. ఫోటో తీసుకునేవాళ్లు కొలను గట్టు మీద మధ్యలోనే నిలబడిపోతారు, అసలు పనితనం ఆ చివర్లలో ఉంది.

తర్వాత 124 స్తంభాల సింహాల ముంగిలి. పన్నెండు సింహాల మీది పాలరాతి తొట్టి అంచున ఇబ్న్ జమ్రక్ కవిత చెక్కి ఉంది. నీరు, రాయి ఇంతగా కలిసిపోతే ఏది పారుతోందో తెలియడం లేదని అందులో ఒక భావం. పక్కన ఇద్దరు అక్కచెల్లెళ్ల గది అనేదాంట్లో తల పైకెత్తండి. దాదాపు 5,000 గచ్చు ముక్కలతో తేనెపట్టులా కట్టిన గుమ్మటం అది. గోడల మీద పదే పదే కనిపించే అరబ్బీ పంక్తి నస్రీద్ వంశ నినాదం, 'దేవుడు తప్ప విజేత లేడు' అని. ఆ అక్షరాల ఆకారం ఒకసారి గుర్తుపట్టారంటే ప్రతి గోడ మీదా అదే దొరుకుతుంది.

చివరగా హెనెరలీఫె పై తోటలో నీటి మెట్లు ఉన్నాయి. లారెల్ చెట్ల నీడలో మెట్లకు రెండు వైపులా పిట్టగోడ, ఆ గోడ తలమీద తవ్విన గాడి, అందులో పారే నీరు. కోటకు వచ్చే అదే కాలువ నీరు ఇక్కడ మెట్ల పక్కన చేతికి అందే ఎత్తులో దిగుతుంది. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు నెమ్మదిగా నడవండి, చప్పుడు వినిపిస్తుంది.